బరువు అంచనా, అప్రోచ్ స్పీడు: దిగే ముందు వేసుకోవాల్సిన లెక్క

విమానం రన్‌వే మొదలు దాటింది. పవర్ మొత్తం తీసేశారు. చక్రాలు నేలకి రెండడుగుల ఎత్తులో ఉన్నాయి. ఇక తాకుతుంది అనుకుంటే తాకదు. వంద మీటర్లు పోయాయి, రెండొందలు పోయాయి, ఇంకా తేలుతూనే ఉంది. లోపలున్న కుర్రాడికి టెన్షన్ పెరిగి, ముక్కు కిందికి నొక్కి బలవంతంగా దించబోతాడు. ముందు చక్రం ముందు తగిలి విమానం మళ్లీ పైకి ఎగురుతుంది.

సోలో ఫ్లైట్లు మొదలైన కొత్తలో చాలామంది చేసే ల్యాండింగ్ ఇది. చేయి తిరగలేదని సరిపెట్టుకుంటారు గానీ, సగం తప్పు లెక్కలోనే ఉంది. మాన్యువల్లో రాసిన అప్రోచ్ స్పీడు, అంటే దిగడానికి రన్‌వే వైపు వచ్చేటప్పుడు పట్టుకోవాల్సిన స్పీడు, గరిష్ఠ బరువుకి. ఇవాళ పక్క సీటు ఖాళీ, వెనక సీట్లు ఖాళీ, ట్యాంకులు సగం. విమానం బాగా తేలికైంది. స్పీడు మాత్రం ఆ పుస్తకంలోదే, పైగా 'ఎందుకైనా మంచిదని' ఇంకో అయిదు నాట్లు (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు).

బరువు ఎలా అంచనా వేయాలి, దాన్నుంచి అప్రోచ్ స్పీడు ఎలా తీయాలి, అంచనా తప్పితే ఏమవుతుంది అన్నది ఈ వ్యాసంలో వరసగా చూద్దాం. పైలట్ శిక్షణలో ఉన్నవాళ్లకీ, ఇంట్లో సిమ్యులేటర్ నడిపేవాళ్లకీ లెక్క ఒకటే. నిజం విమానంలో మాత్రం మీ విమానం మాన్యువల్‌దే ఆఖరి మాట. ఇక్కడి అంకెలు పద్ధతి అర్థం కావడానికి.

ముందు ఒక్క సూత్రం

రెక్క ఒక నిర్దిష్టమైన కోణం దాటితే స్టాల్ అవుతుంది, అంటే విమానాన్ని మోసే బలం పడిపోతుంది. గాలికీ రెక్కకీ మధ్య ఉండే ఆ కోణాన్నే యాంగిల్ ఆఫ్ అటాక్ అంటాం. విమానం బరువుగా ఉన్నా తేలికగా ఉన్నా ఆ కోణం మారదు. మారేది, ఆ కోణం దగ్గర బరువంతా మోయడానికి కావాల్సిన స్పీడు.

రెక్క పుట్టించే లిఫ్ట్ (పైకి మోసే బలం) స్పీడు వర్గాన్ని బట్టి ఉంటుంది. అదే కోణంలో స్పీడు రెట్టింపు చేస్తే లిఫ్ట్ నాలుగింతలు. దీన్నే తిరగేస్తే, బరువు నాలుగింతలైనా స్పీడు రెట్టింపు చేస్తే చాలు. అంటే స్టాల్ స్పీడు బరువు వర్గమూలంతో మారుతుంది. కాక్‌పిట్‌లో వర్గమూలాలు తీస్తూ కూర్చోలేం కాబట్టి ఇలా గుర్తుపెట్టుకోండి: బరువు ఎంత శాతం మారితే, స్పీడు అందులో సగం శాతం మారుతుంది. బరువు 10 శాతం తగ్గితే స్పీడు 5 శాతం తగ్గాలి. పాతిక శాతం లోపు తేడాలకి ఈ చిట్కా బాగానే పనిచేస్తుంది.

ఈ 'సగం' అన్న మాటని వదలకండి. బరువు అంచనాలో చిన్న పొరపాట్లని అది మింగేస్తుంది. అయిదారు కిలోల దగ్గర తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు. కానీ ఒక అంకె తారుమారై వచ్చే పెద్ద తప్పుని అది కూడా కాపాడలేదు. మీ శ్రద్ధంతా దశాంశాల మీద కాదు, ఆ పెద్ద తప్పు మీద ఉండాలి.

మొదటి అడుగు: దిగేటప్పటి బరువు తీయండి

బయల్దేరేటప్పటి బరువు కాదు మనకి కావాల్సింది. రన్‌వే మొదలు దాటే క్షణానికి ఎంత ఉంటుందో అది. కూడిక ఇలా ఉంటుంది: ఖాళీ విమానం, మనుషులు, సామాను, అప్పటికి మిగిలే ఇంధనం.

ఖాళీ విమానం బరువు బ్రోషర్‌లోంచి తీయకండి. ఆ విమానానికే, ఆ రిజిస్ట్రేషన్ నంబరుకే తూకం రిపోర్టు ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ రంగు మీద రంగు, కొత్త రేడియోలు, రిపేర్లు, ఇన్సులేషన్‌లో చేరే తేమ, సందుల్లో పేరుకునే దుమ్ము కలిసి విమానానికి ఒళ్లొస్తుంది. అందుకే ప్రయాణికుల విమానాల్ని మూడు నాలుగేళ్లకోసారి మళ్లీ తూచే నిబంధనలు ఉన్నాయి.

మనుషుల దగ్గర రెండు రకాలు. చిన్న విమానంలో మొహమాటం లేకుండా అడిగి రాసుకోవాలి. అడిగినా సరే, చాలామంది అయిదు కిలోలు తగ్గించి చెబుతారు, అదీ బట్టలూ బూట్లూ లేకుండా. కొంచెం కలుపుకోండి. పెద్ద విమానంలో ఒక్కొక్కర్నీ తూచలేరు కాబట్టి సగటు బరువులు వాడతారు. యూరప్ నిబంధనల్లో ముప్ఫయ్యో అంతకన్నా ఎక్కువో సీట్లున్న విమానాలకి పెద్దవాళ్ల సగటు, చేతి సామానుతో కలిపి, 84 కిలోలు. పిల్లలకి 35. మనుషులు ఎక్కువయ్యేకొద్దీ సగటు నిజానికి దగ్గరవుతుంది. నలుగురికి అదే సగటు వాడితే కాకిలెక్క అవుతుంది.

సగటు మీద గుడ్డిగా ఆధారపడితే ఏమవుతుందో చెప్పడానికి ఒక చేదు ఉదాహరణ ఉంది. 2003 జనవరి 8న అమెరికాలోని షార్లెట్‌లో ఒక బీచ్‌క్రాఫ్ట్ 1900డి టేకాఫ్ అయిన వెంటనే కూలి 21 మంది చనిపోయారు. ఎలివేటర్ (ముక్కుని పైకీ కిందికీ తిప్పే తోక పలక) కేబుల్ సరిగా బిగించకపోవడం ఒక కారణమైతే, సగటు లెక్కల్లో సరిగ్గానే కనిపించిన విమానం నిజానికి బరువెక్కువై, బరువు వెనక్కి జరిగి ఉండటం ఇంకో కారణం. ఆ తర్వాతే అక్కడ ప్రయాణికుల సగటు బరువుల్ని పెంచారు.

ఇక ఇంధనం. చిన్న విమానాల్లో వాడే ఏవ్‌గ్యాస్ లీటరుకి 0.72 కిలోలు. జెట్ ఇంధనం లీటరుకి సుమారు 0.8 కిలోలు, కానీ అది స్థిరం కాదు. జెట్ ఏ-1 ప్రమాణం ప్రకారం సాంద్రత 0.775 నుంచి 0.840 దాకా ఎక్కడైనా ఉండొచ్చు. పదివేల లీటర్ల మీద ఆ రెండు చివరల మధ్య తేడా 650 కిలోలు. భయపడక్కర్లేదు, అది అప్రోచ్ స్పీడులో ఒక నాట్ కూడా కాదు.

భయపడాల్సింది యూనిట్ల దగ్గర. 1983 జూలై 23న కెనడాలో ఒక బోయింగ్ 767కి 22,300 కిలోల ఇంధనం కావాల్సి వచ్చింది. లీటర్లని కిలోల్లోకి మార్చడానికి 0.8 వాడాల్సిన చోట, పౌండ్లకి వాడే 1.77తో గుణించారు. ట్యాంకుల్లో 22,300 పౌండ్లే ఉన్నాయి, అంటే సగం కన్నా తక్కువ. కంప్యూటర్‌కి మాత్రం 22,300 కిలోలని చెప్పారు. దారి మధ్యలో రెండు ఇంజిన్లూ ఆగిపోయాయి. విమానం గ్లైడర్‌లా జారుతూ గిమ్లీ అనే చోట పాత ఎయిర్‌బేస్ రన్‌వే మీద దిగింది. అందరూ బతికారు. అది అప్రోచ్ స్పీడు కథ కాదు గానీ, కంప్యూటర్ ఒక బరువు అనుకుంటూ ఉంటే విమానం ఇంకో బరువుతో ఎగరడం ఎంత సులువో దీన్ని మించి చెప్పేది లేదు.

దారిలో ఖర్చయ్యే ఇంధనం తీసేయడం మర్చిపోకండి. అలాగే, తీసేసింది మళ్లీ సరిచూసుకోండి. రన్‌వే ఖాళీ లేక అరగంట గాల్లో చుట్లు కొట్టారంటే, ప్లాన్‌లో అనుకున్న ల్యాండింగ్ బరువు పాతబడిపోయినట్టే.

రెండో అడుగు: ఆధార స్పీడు పట్టుకోండి

రన్‌వే మొదలు దగ్గర, ల్యాండింగ్ ఫ్లాప్స్‌తో (రెక్క వెనక అంచున కిందికి దించే పలకలతో) ఉండాల్సిన కనీస స్పీడుని వీ-రెఫ్ అంటారు. చిన్న విమానాల్లో ఇది స్టాల్ స్పీడుకి 1.3 రెట్లు. పెద్ద జెట్లలో ఇప్పుడు 1.23 రెట్లు. జెట్లకి భద్రత తగ్గించారని కాదు. వాటిలో స్టాల్ స్పీడు కొలిచే పద్ధతి మారింది. రెక్క పూర్తి బరువు మోస్తూ ఉండగా వచ్చే కొలత పాత పద్ధతి కొలత కన్నా కాస్త ఎక్కువ ఉంటుంది. దానికి 1.23, పాతదానికి 1.3, చివరికి వచ్చే స్పీడు దాదాపు ఒకటే.

ఇక్కడ కొత్తవాళ్లు పడే గొయ్యి ఒకటుంది. స్పీడోమీటర్ మీద తెల్ల గీత (ఫ్లాప్స్ దించి ఎగరగలిగే స్పీడుల పరిధి) ఎక్కడ మొదలవుతుందో చూసి, ఆ అంకెని 1.3తో గుణిస్తారు. నెమ్మదిగా, ముక్కు బాగా పైకెత్తి ఎగిరేటప్పుడు స్పీడు కొలిచే పిటో గొట్టంలోకి గాలి సూటిగా రాదు, మీటరు తక్కువ చూపిస్తుంది. సెస్నా 172ఎస్‌లో పూర్తి ఫ్లాప్స్‌తో స్టాల్ అయ్యేటప్పుడు మీటరు మీద కనిపించేది 40 నాట్లు, సవరించిన అసలు స్పీడు 48. నలభైని 1.3తో గుణిస్తే 52 వస్తుంది. నలభై ఎనిమిదిని గుణిస్తే 62 వస్తుంది. అదే మాన్యువల్లో గరిష్ఠ బరువుకి షార్ట్ ఫీల్డ్ (పొట్టి రన్‌వే) ల్యాండింగ్ స్పీడు 61. ఏది సరైన లెక్కో తెలిసిపోతోంది కదా. గుణకారం ఎప్పుడూ సవరించిన స్పీడు మీద చేసి, తర్వాత మాన్యువల్లోని పట్టిక చూసి మీటరు అంకెలోకి మార్చుకోవాలి.

మాన్యువల్లో బరువుల వారీగా అప్రోచ్ స్పీడు పట్టిక ఉంటే ఈ తంటా ఏమీ లేదు, నేరుగా అదే వాడండి. చాలా చిన్న విమానాలకి గరిష్ఠ బరువు అంకె ఒక్కటే ఇస్తారు. అప్పుడే తర్వాతి అడుగు అవసరం.

మూడో అడుగు: బరువుకి తగ్గట్టు సవరించండి

నాలుగు సీట్ల విమానం ఒకటి ఊహించుకుందాం. గరిష్ఠ బరువు 1,150 కిలోలు. ఆ బరువుకి ఆధార స్పీడు 62 నాట్లు. ఖాళీ బరువు 770. పైలట్ 78 కిలోలు, బ్యాగు 6, దిగేటప్పటికి 70 లీటర్లు మిగిలితే ఇంధనం 50 కిలోలు. మొత్తం 904.

గరిష్ఠ బరువుకన్నా 246 కిలోలు తక్కువ, అంటే 21 శాతం. అందులో సగం పదిన్నర శాతం. 62లో పదిన్నర శాతం ఆరున్నర నాట్లు. అంటే సుమారు 55. వర్గమూలం తీసి చూసినా సరిగ్గా 55 వస్తుంది.

ఇప్పుడు ఆ తేలుతూ పోయిన కుర్రాడి దగ్గరికి వద్దాం. మాన్యువల్లో మామూలు అప్రోచ్‌కి 60 నుంచి 70 అని ఉంటుంది. మధ్యలో 65 పట్టుకున్నాడు, దానికి అయిదు కలిపాడు. 70తో వచ్చాడు. కావాల్సింది 55. దించాల్సిన శక్తి స్పీడు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, అవసరమైనదానికన్నా 62 శాతం ఎక్కువ శక్తితో రన్‌వే మీదకి వచ్చాడు. అదంతా కరిగేదాకా విమానం కూర్చోదు. అదీగాక నేలకి దగ్గరగా వచ్చేసరికి గ్రౌండ్ ఎఫెక్ట్ వల్ల డ్రాగ్ (గాలి వెనక్కి లాగే బలం) తగ్గిపోయి, ఆ శక్తి కరగడం ఇంకా నెమ్మదిస్తుంది.

ఇంకో మాట. కొత్తగా నేర్చుకునేటప్పుడు ఇన్‌స్ట్రక్టర్లు ఒకే స్పీడు చెప్పి అలవాటు చేయిస్తారు. అందులో తప్పేమీ లేదు, పొడవైన రన్‌వే మీద అది బండి నడిపిస్తుంది. చిన్న రన్‌వే మీద మొదటిసారి దిగబోయే రోజుకి ముందే ఈ లెక్క చేతికి రావాలి. అయితే తక్కువ స్పీడులో విమానం ఎలా స్పందిస్తుందో తెలియకుండా, లెక్క వచ్చింది కదా అని ఒంటరిగా 55తో ప్రయత్నించడం వద్దు. ఇన్‌స్ట్రక్టర్‌ని పక్కన పెట్టుకుని, ఆయన బరువు కలిపి లెక్క మళ్లీ వేసి చూడండి.

నాలుగో అడుగు: పెద్ద విమానంలో అయితే

ఇక్కడ పైలట్ వర్గమూలాలు తీయడు, కంప్యూటర్ తీస్తుంది. పైలట్ ఇచ్చేది జీరో ఫ్యూయల్ వెయిట్: విమానం, సిబ్బంది, ప్రయాణికులు, సరుకు కలిపి, ఇంధనం లేకుండా ఉండే బరువు. దానికి కంప్యూటర్ ట్యాంకుల్లో ఉన్న ఇంధనాన్ని కలుపుకుంటూ, అది ఖర్చయ్యేకొద్దీ తగ్గించుకుంటూ పోతుంది. ఆ ఒక్క అంకె తప్పయితే దారి పొడవునా, చివరికి అప్రోచ్‌లో కూడా, అన్ని స్పీడులూ తప్పే.

180 సీట్ల జెట్ ఒకటి తీసుకుందాం. 62 టన్నుల దగ్గర వీ-రెఫ్ 140 నాట్లు అనుకోండి. 63 టన్నులకి 141 వస్తుంది. అంటే ఒక టన్నుకి ఒక నాట్. ఇదే విమానం సగం ఖాళీగా 48 టన్నులతో వస్తే 123. మీరు నడిపే విమానానికి ఇలాంటి రెండు మూడు అంకెలు నోటికి రావాలి. కంప్యూటర్ ఏదైనా స్పీడు చూపించినప్పుడు ముందు వాటితో పోల్చాలి. ఈ విమానంలో అది 118 చూపించిందనుకోండి. దానర్థం 44 టన్నులు. అంత తేలికగా విమానం ప్రయాణికులు లేనప్పుడే ఉంటుంది. వెనకాల నిండా జనం కూర్చుని ఉంటే ఆ అంకె ఎక్కడో తేడా కొట్టింది.

అంచనాల్లో ఎంత తప్పు ఎంత ఖరీదో ఇప్పుడు చూద్దాం. 180 మందిలో ఒక్కొక్కరి సగటు 5 కిలోలు తప్పిందంటే 900 కిలోలు, ఒక నాట్. 2020 జూలైలో బ్రిటన్‌లోని బర్మింగ్‌హామ్ నుంచి బయల్దేరిన ఒక బోయింగ్ 737 సంగతి వార్తల్లో బాగా నానింది. 'మిస్' అని పేరు ముందు పెట్టుకున్న పెద్ద ఆడవాళ్లని సాఫ్ట్‌వేర్ పిల్లల కింద లెక్కేసింది. లోడ్‌షీట్‌లో, అంటే విమానం బరువుల లెక్క రాసే కాగితంలో, అంకె 1,244 కిలోలు తక్కువొచ్చింది. చదివితే గుండె గుభేలుమంటుంది. మన ఉదాహరణ విమానంలో అదే తేడా వస్తే అప్రోచ్ స్పీడు మీద పడేది దాదాపు ఒకటిన్నర నాట్లు. వర్గమూలం మింగేసింది. నిజానికి ఆ రోజు ప్రమాదమేమీ జరగలేదు కూడా.

దానికి పూర్తిగా వేరే జాతి తప్పు 2009 మార్చి 20న మెల్‌బోర్న్‌లో జరిగింది. ఒక ఎయిర్‌బస్ ఏ340 టేకాఫ్ లెక్కకి 362.9 టన్నులు కొట్టాల్సిన చోట 262.9 అని పడింది. ఒక్క అంకె. విమానం తోక రన్‌వేకి రాసుకుని, రన్‌వే చివర దాటాక గానీ పైకి లేవలేదు. ఇదే నిష్పత్తిలో తప్పు అప్రోచ్‌లో జరిగితే ఏమవుతుందో నేనొకసారి లెక్కేసి చూశాను. స్పీడు 15 శాతం తక్కువ వస్తుంది. స్టాల్ పైన 23 శాతం ఉండాల్సిన తేడా 5 శాతం కన్నా తక్కువకి పడిపోతుంది. ఆ స్థితిలో రన్‌వే వైపు 30 డిగ్రీలు వంచి తిరిగారంటే, ఆ వంపు వల్లే స్టాల్ స్పీడు ఏడున్నర శాతం పెరుగుతుంది. అంటే మలుపులోనే స్టాల్.

అందుకే ఇద్దరు పైలట్లూ విడివిడిగా లెక్క చూసుకోవాలి. ఒకరు చదివితే ఇంకొకరు 'ఊఁ' అనడం సరిచూడటం కాదు. లోడ్‌షీట్‌లోని జీరో ఫ్యూయల్ వెయిట్‌ని ముందే వచ్చిన ఫ్లైట్ ప్లాన్‌లోని అంకెతో పోల్చండి. రెండూ వేర్వేరు దారుల్లో వచ్చినవి కాబట్టి, ఒకదాని తప్పు ఇంకొకదాంట్లో ఉండే అవకాశం తక్కువ. ఎక్కువసార్లు జరిగే పొరపాటు, జీరో ఫ్యూయల్ వెయిట్ గడిలో మొత్తం బరువు కొట్టడం. అప్పుడు ఇంధనం రెండుసార్లు కలుస్తుంది, స్పీడు ఎక్కువ వస్తుంది. కూలకపోవచ్చు గానీ రన్‌వే తినేస్తుంది.

అయిదో అడుగు: గాలికి కలపండి, భయానికి కాదు

బరువుతో వచ్చిన వీ-రెఫ్‌కి గాలిని బట్టి కొంత కలిపితే అప్రోచ్‌లో పట్టుకోవాల్సిన స్పీడు వస్తుంది. చిన్న విమానాల్లో గాలి విసురు ఎంత పెరుగుతోందో అందులో సగం కలపడం రివాజు. బోయింగ్ విమానాల్లో పవర్ చేత్తో సర్దేటప్పుడు ఎదురుగాలిలో సగం, విసురు మొత్తం కలుపుతారు. కనీసం 5, గరిష్ఠం మాన్యువల్‌ని బట్టి 15 లేదా 20 నాట్లు. ఏ320లో ఎదురుగాలిలో మూడో వంతు, 5 నుంచి 15 లోపు.

ఎదురుగాలి 12, విసిరితే 20 అనుకోండి. మన జెట్‌కి బోయింగ్ పద్ధతిలో 6, 8 కలిపి 14. అంటే 154 నాట్లు. చిన్న విమానానికి 8లో సగం 4, అంటే 59.

తేడా వచ్చేది ఆ తర్వాత. లోడ్‌షీట్ రాసినవాళ్లు ఎందుకైనా మంచిదని బరువు కాస్త ఎక్కువ వేస్తారు. పైలట్ ఎందుకైనా మంచిదని గుండ్రంగా పై అంకె తీసుకుంటాడు. గాలికి కొంత. చివర్లో చేతిలో ఉండనీ అని ఇంకో అయిదు. తిలా పాపం తలా పిడికెడు అన్నట్టు అందరూ తలా కొంచెం కలిపితే, దిగేసరికి ఇరవై నాట్లు ఎక్కువ. ఎవరి జాగ్రత్త వాళ్లది గానీ, రన్‌వే మాత్రం ఒక్కటే.

బరువు మీద నమ్మకం లేకపోతే బరువుని మళ్లీ లెక్కపెట్టండి. ఆ అనుమానానికి మందు స్పీడులో వెతక్కండి.

ఆరో అడుగు: రన్‌వే సరిపోతుందా

ఇక్కడ చక్కటి సంగతి ఒకటుంది. స్పీడు బరువు వర్గమూలంతో పెరుగుతుంది, దిగాక ఆగే దూరం స్పీడు వర్గంతో పెరుగుతుంది. మూలం, వర్గం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కాబట్టి బరువు 10 శాతం పెరిగితే ల్యాండింగ్ దూరం కూడా సుమారు 10 శాతమే పెరుగుతుంది. చిన్న విమానాలకి వాడే మామూలు లెక్క కూడా ఇదే.

బరువు అంచనా ఎక్కువ వేస్తే కూడా ఇదే వర్తిస్తుంది. 57 టన్నుల విమానాన్ని 62 అనుకుని 140తో వచ్చారు, కావాల్సింది 134. మోసుకొచ్చిన అదనపు శక్తి సుమారు 9 శాతం. అంచనాలో తప్పెంతో రన్‌వే మీద నష్టం దాదాపు అంతే. పొడి రన్‌వే మూడు కిలోమీటర్లుంటే ఎవరికీ పట్టదు. తడి రన్‌వే, పొట్టి రన్‌వే, వెనక నుంచి గాలి కలిసొచ్చిన రోజు ఆ తొమ్మిది శాతమే ఆఖరి లైట్లకీ గడ్డికీ మధ్య తేడా.

ఎత్తైన చోట ఉన్న రన్‌వే అయితే మీటరు మీద స్పీడు మార్చకండి. స్టాల్ కూడా అదే మీటరు అంకె దగ్గర వస్తుంది. కానీ గాలి పలచన కాబట్టి అసలు స్పీడు వెయ్యి అడుగులకి సుమారు 2 శాతం ఎక్కువ. ఆ తేడా పడేది ఆగే దూరం మీద.

బయల్దేరగానే వెనక్కి రావాల్సి వస్తే ల్యాండింగ్ గరిష్ఠ బరువు కన్నా ఎక్కువతో దిగాల్సి రావచ్చు. మన జెట్ 72 టన్నులతో దిగితే వీ-రెఫ్ 151. ఫ్లాప్స్‌కి ఉన్న స్పీడు పరిమితి దగ్గరపడుతుంది, బ్రేకులు వేడెక్కుతాయి. గేరుని (చక్రాల అమరికని) ల్యాండింగ్ గరిష్ఠ బరువు దగ్గర సెకనుకి 10 అడుగుల వేగంతో నేలని తాకినా తట్టుకునేలా డిజైన్ చేస్తారు. టేకాఫ్ గరిష్ఠ బరువు దగ్గర ఆ పరిమితి సెకనుకి 6 అడుగులే. మెల్లగా దించితే విమానం తట్టుకుంటుంది, తర్వాత తనిఖీ తప్పదు.

ఏడో అడుగు: విమానాన్నే అడగండి

కాగితం తప్పు చెప్పొచ్చు, రెక్క చెప్పదు. ఫైనల్ అప్రోచ్‌లో స్పీడు కుదిరి, మూడు డిగ్రీల వాలు మీద స్థిరంగా వస్తున్నప్పుడు ముక్కు ఎంత పైకి ఉంది, పవర్ ఎంత కావాల్సి వస్తోంది అన్నవి రోజూ గమనించి పెట్టుకోండి. ముక్కు మామూలు కన్నా ఎత్తుగా ఉండి, పవర్ ఎక్కువ అడుగుతుంటే విమానం మీరనుకున్న దానికన్నా బరువుంది. ముక్కు కిందికి వాలి, పవర్ దాదాపు తీసేసినా స్పీడు తగ్గడం లేదంటే తేలికగా ఉంది. ఫ్లాప్స్ సరిగ్గా దిగాయో లేదో మాత్రం ముందు చూసుకోండి. ఆ లక్షణాలు కొన్నిసార్లు ఒకేలా ఉంటాయి.

యాంగిల్ ఆఫ్ అటాక్ మీటరు ఉంటే ఇంకా మంచిది. దానికి బరువుతో పనిలేదు. స్టాల్ కోణానికి ఎంత దూరంలో ఉన్నామో నేరుగా చెబుతుంది.

ఏ320లో ఇదే ఆలోచనని లోపలే పెట్టారు. మనం ఇచ్చిన జీరో ఫ్యూయల్ వెయిట్ నుంచి ఒక కంప్యూటర్ అప్రోచ్ స్పీడు లెక్కేస్తుంది. ఇంకో కంప్యూటర్ ఆ అంకెని నమ్మకుండా, గాల్లో ఎగిరే తీరుని బట్టి బరువుని తనే అంచనా వేసి స్పీడు స్కేలు మీద కనీస స్పీడు గుర్తు చూపిస్తుంది. ఆ రెండూ ఒక మాట మీద ఉండాలి. వాటి మధ్య తేడా ఎక్కువుంటే లోడ్‌షీట్ మళ్లీ తీయండి. స్క్రీన్ మీద అంకె, స్కేలు మీద గుర్తు పక్కపక్కన చూడటానికి రెండు సెకన్లు పడుతుంది. అయినా ఆ రెండు సెకన్లు పెట్టనివాళ్లే ఎక్కువ.

రెక్క మీద మంచు పేరుకుందని తెలిస్తే ఈ పద్ధతులన్నీ పక్కన పెట్టండి. మంచు బరువు పెద్ద సమస్య కాదు. రెక్క ఆకారం మారి, మామూలు కన్నా తక్కువ కోణంలోనే స్టాల్ వస్తుంది. దానికి మాన్యువల్ చెప్పిన అదనపు స్పీడు కలపాల్సిందే. అది భయానికి కలిపింది కాదు.

దిగాక

ఇంజిన్ ఆపాక ట్యాంకుల్లో పుల్ల పెట్టి చూడండి. అనుకున్న 70 లీటర్ల బదులు 60 మిగిలాయనుకుందాం. 904 అనుకున్న బరువు 897. అప్రోచ్ స్పీడులో తేడా పావు నాట్ కూడా లేదు. కానీ పది లీటర్లు ఎక్కడికి పోయాయన్నది వేరే ప్రశ్న. అది రాసుకోండి, వచ్చేసారి ఎగిరే ముందు దాని సంగతి తేల్చండి.